ఎక్కిళ్ళమ్మ

మొన్న మా పై వాటాలో కాపురముండే నిత్య ఒక కొత్త చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. చారు కాచుకునే ఈయం చెంబు. తెల్లగా, ఒళ్ళంతా సుత్తి దెబ్బల గుంటలతో మెరుస్తోంది. నిత్యకు ఇప్పుడు నెలలు. నోటికి పుల్లగా చారు తప్ప ఇంకేదీ సయించడం లేదు.

"అవ్వా, ఫోన్‌లో చూసి తెప్పించినా. దీంట్లో కాస్తే ఆ రుచే వేరంట. మా అత్త మాత్రం విషమంటా ఉండాది. నువ్వు చెప్పు, విషమా, కాదా?"

చెంబు చేతిలోకి తీసుకున్నాను. ఆ బరువు అరచేతికి తగిలేసరికి పాత సంగతులన్నీ కళ్ళముందుకు వచ్చాయి. నిత్యకు ఆ సంగతులేవీ తెలియవు. అప్పటికి ఆమె పుట్టి కూడా ఉండదు.

"ఈడ పెట్టి పో. సాయంకాలం చెప్తాను" అన్నాను.

"ఒక్క మాటకు సాయంకాలం దాకా ఎందుకవ్వా?" అని నవ్వుకుంటూ మెట్లెక్కింది.

ఒక్క మాటే. ఆ ఒక్క మాట చెప్పడానికి నిలువెల్లా వణికిపోయిన మనిషిని నేను చూశాను. మా సందులో అందరూ ఆమెను ఎక్కిళ్ళమ్మ అనేవాళ్ళు. అసలు పేరు నాకు తెలుసు గాని రాయను. పదిమందిలో పేరు పెట్టి పిలిస్తేనే ఆమెకు ఎక్కిళ్ళు వచ్చేవి. ఇప్పుడు అచ్చులో పెడితే, ఎక్కడున్నా ఆమెకు ఊపిరి ఆడదు.

మెడ్రాసును ఇకమీదట చెన్నై అనమని చెప్పిన కాలం అది. తొండియార్‌పేటలో మా సందుకు ఒక కొసన గూడ్సు రైలు గేటు, ఇంకో కొసన రేకుల షెడ్డు. లారీల పాత బ్యాటరీలు తెచ్చి పగలగొట్టి, లోపలి పలకలు కరిగించి ఆడ కడ్డీలు పోసేవాళ్ళు. సాయంకాలం కొలిమి వెలిగిస్తే, పొగ సముద్రపు గాలికి మా ఇళ్ళ మీదికి వాలేది. నాలుక మీద తియ్యగా తగిలేది. తియ్యగా ఉన్నదానికి ఎవరు భయపడతారు? మా అల్లుడు శేఖర్ ఆ షెడ్డులోనే పని. శేఖర్, నా కూతురు పద్మ, మనవరాలు భారతి నాతోనే ఉండేవాళ్ళు. భారతికి ఇంకా బడి ఈడు రాలేదు.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి కొందరు వచ్చి, రేషన్ కొట్టు పక్కన పందిరి వేసి, సందులో పిల్లలందరికీ సూదితో రక్తం తీసుకుపోయారు. తలా ఒక బిస్కెట్టు పొట్లం ఇచ్చారు. బిస్కెట్లతో పాటు ఆ సంగతీ అయిపోయిందనుకున్నాం. మా దగ్గర ఏదైనా తీసుకుపోయినవాళ్ళు తిరిగి వచ్చి, తీసుకుపోయింది ఏమైందో చెప్పడం మేమెన్నడూ చూడలేదు. ఓట్లవాళ్ళూ అంతే, సూదులవాళ్ళూ అంతే.

వాళ్ళ తరఫున ఎక్కిళ్ళమ్మ తిరిగి వచ్చింది. శాస్త్రం వల్ల జనానికి ఏం జరుగుతోందో చూసి, కనుక్కున్నది ఇంగ్లీషులో రాసి దాచుకోకుండా ఆ జనానికే చెప్పాలని వాళ్ళ యూనివర్సిటీలో ఒక విభాగం పెట్టారట. రక్తం పరీక్ష చేసినవాళ్ళు వేరు. చెప్పే పని ఈమెది. మా సందులో సగం తెలుగువాళ్ళం, ఈమె కాకినాడ వైపు ఆమె, అందుకని పంపారు. ఇంతకంటే పనికిమాలిన మనిషి వాళ్ళకు దొరకలేదా అని మొదటిరోజే నేను పైకి అన్నాను. ఆమెకు వినపడింది కూడా.

ఎందుకంటే ఆమెకు భయం కానిది లేదు. రైలు వెళ్ళిపోయి, గేటు ఎత్తి, జనమంతా పట్టాలు దాటినాక కూడా ఆమె అటూ ఇటూ చూస్తూ ఆ ఒడ్డునే నిలబడేది. మంట పుట్టించే ఎండలోనూ గొడుగు విప్పేది కాదు. కుక్కల కోసం దాన్ని కర్రలాగా ముందుకు చాచి నడిచేది. మా కుక్కలకు అదొక ఆటై, ఆమె వచ్చే దారిన వరసగా పడుకునేవి. ఎవరి గడపలోనైనా ఒక కాలు పెట్టి, "రావచ్చా అండీ" అని అడిగేది. రమ్మన్నాక కూడా రెండో కాలు పెట్టడానికి ఆలోచించేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచేది. తుడిచినంతసేపూ మా ముఖాలు కనపడవు గదా, ఆమెకు అదే విశ్రాంతి అనుకుంటాను. ఇక చెప్పలేని మాట చెప్పవలసి వస్తే, నోరు తెరవకముందే ఎక్కిళ్ళు. భుజాలు ఎగిరిపడేవి.

"ఎవరో తలుచుకుంటా ఉండారమ్మా మిమ్మల్ని" అని ఎదురింటి రాజమ్మ ఎగతాళి. "ఇంటాయనేమో. కొంజం తొందరగా ముగించి పొండి."

మొదటి మీటింగు ఆ పందిట్లోనే. మైకు చేతికిస్తే, అది ఎక్కడ కరుస్తుందోనన్నట్టు దూరంగా పట్టుకుంది.

"మీ పిల్లల రక్తంలో సీసం ఉందండీ" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. మా సందు తెలుగులో ఆ మాట లేదు.

"ఏ సీసా మ్మా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. "పాలసీసానా, సారాసీసానా?"

"రక్తంలో సీసా ఎట్ల దూరిందంట?" అని రాజమ్మ. పందిరంతా నవ్వు.

"సీసా కాదండీ, సీసం. సీసం" అని ఆమె, ప్రతి సీసానికీ ఒక ఎక్కిలి. పిల్లలు ఆమెతో పాటు భుజాలెగరేయడం మొదలుపెట్టారు. అప్పుడామె కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఎవరినో అడిగి నేర్చుకుని వచ్చిన అరవ మాట బయటికి తీసింది.

"ఈయం. మీ పిల్లల రక్తంలో ఈయం ఉంది. ఉండకూడనంత ఉంది."

నవ్వు ఆగిపోయింది. ఈయం మాకు తెలుసు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కనే ఉంది.

మా వైపు కొత్త కోడలికి మొదట నేర్పేది ఈయం చెంబు సంగతే. ఒట్టి చెంబును మంట మీద పెడితే కరిగి కారిపోతుంది. చింతపండు నీళ్ళు పోసినాకే పొయ్యి ఎక్కించాలి. నా చెంబు మా అమ్మ పెట్టింది. ఒక పక్క అంచు కొంచెం వంగి ఉండేది, నేను కొత్తలో నేర్చుకున్న పాఠం అది. రోజూ దాంట్లోనే చారు, రోజూ ఆ చారే భారతి అన్నంలోకి.

ఈయం అన్నాక ఆమె ఇంకా చాలా చెప్పింది. పొగ అంది, షెడ్డు అంది, దుమ్ము అంది. ఏ తల్లి చెవికీ ఎక్కలేదు. నా కళ్ళముందు భారతి కడుపునొప్పి కదులుతోంది. కొన్నాళ్ళుగా ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని కడుపు పట్టుకునేది. ముఖం పాలిపోయి, తోటి పిల్లలు పిలిచినా పోకుండా గోడకు ఆనుకుని కూర్చునేది. కడుపులో పురుగులని పద్మ, దిష్టి అని నేను. రోజూ నా చేత్తో నేను పోసిన చారేనా అనిపించింది.

ఇంటికి వచ్చి చెంబు వైపు చూశాను. ఎన్నో ఏళ్ళు చింతపండు వేసి తోమిన చెంబు, తాకడానికి చేతులు రాలేదు. గుడ్డతో పట్టుకుని తీసుకుపోయి సందు చివర చెత్తకుప్ప మీద వేశాను. నాకంటే ముందే అక్కడ రాజమ్మ చెంబు ఉంది. చూస్తుండగానే ఆ కుప్ప మెరవడం మొదలుపెట్టింది. సాయంకాలానికి షెడ్డువాళ్ళు గోనెసంచులు తెచ్చి అన్నీ ఎత్తుకుపోయారు. ఊరికే దొరికిన సరుకు. కొలిమి ఆరోజు మామూలుకంటే ఎక్కువసేపు మండింది. పిల్లలను కాపాడుకున్నామని మేమంతా వాకిళ్ళలో కూర్చుని, వాళ్ళను ఒళ్ళో పెట్టుకుని, ఆ పొగ పీలుస్తూ మాట్లాడుకున్నాం.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు రాజమ్మ గేటు దాకా ఎదురుపోయింది.

"మీరు చెప్పినట్టే చేసినాం. ఒక్క ఇంట్లో చెంబు లేదు, కావాలంటే పోయి చూసుకోండి."

"ఏ చెంబండీ?"

"ఈయం చెంబు. మీరే గదా ఈయం అన్నారు."

నేను పక్కనే ఉన్నాను. ఆమె ముఖంలో నెత్తురు దిగిపోవడం చూశాను. గొడుగు చేతిలోంచి జారింది. కుక్క ఒకటి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర వాసన చూస్తున్నా ఆమెకు తెలియలేదు.

ఆ రోజు పందిట్లో ముందు వరసలో షెడ్డు ఓనరు కూర్చున్నాడు, కాలు మీద కాలు వేసుకుని. అంతకుముందు రానివాడు ఇప్పుడెందుకు వచ్చాడో అందరికీ తెలుసు. సందులో సగం ఇళ్ళు ఆయన కొలిమి మీదే నడుస్తున్నాయి. ఆయన పక్కన కూర్చోవడానికి భయం, ఆయనకు కనపడేటట్టు దూరంగా కూర్చోవడానికీ భయం. నా పక్కన శేఖర్ తల వంచుకుని కాలి గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఆమె మైకు తీసుకోలేదు.

"నేను తప్పు మాట చెప్పాను" అంది. ఒక ఎక్కిలి. "తమిళంలో రెండింటినీ ఈయం అంటారట. నాకు తెలియలేదు. మీ చారు చెంబు తగరం. నేను చెప్పింది సీసం. అది వేరు. అది బ్యాటరీలో ఉంటుంది. మీరు పారేయవలసింది చెంబు కాదు."

"మరి ఏంది పారేయాల?" అన్నాడు ఓనరు, మెల్లగా. "చెప్పు మ్మా. పేరు పెట్టి చెప్పు."

ఎక్కిళ్ళు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. నీళ్ళు తాగబోయి సగం చీర మీద పోసుకుంది. చెప్పకుండా పారిపోతుందనే అనుకున్నాను. అలా పారిపోతే బాగుండునని కూడా అనుకున్నాను, అది నిజం. చెప్తే శేఖర్ పని ఏమవుతుంది, చెప్పకపోతే భారతి ఏమవుతుంది.

"ఆ షెడ్డు" అంది. వేలెత్తి చూపలేదు, తల తిప్పి చూసింది. "ఆ పొగ. పనివాళ్ళ బట్టల మీద వచ్చే దుమ్ము."

"అప్పుడు చెంబు అన్నారు, ఇప్పుడు షెడ్డు అంటా ఉండారు" అని రాజమ్మ లేచింది. "మా అమ్మ పెట్టిన చెంబు మ్మా అది. ఈసారన్నా నిజమని ఎట్ల నమ్మేది?"

నేనూ ఊరుకోలేదు. సందులో అందరూ మీరు అంటున్నా నేను నువ్వనే అన్నాను. "చదువుకున్నదానివి. నీకే తెలీకపోతే ఈడికి ఎందుకొచ్చినావు?"

ఆమె కుడిచేతి చూపుడు వేలు ఎత్తి, బొటనవేలి గోరును దాని మొదటి కణుపు మీద పెట్టింది.

"మాకు తెలిసింది ఇంతండీ" అంది. "ఈ ఇంతలో షెడ్డు ఉంది. మిగతా వేలంతా తెలియదు. తెలియనిదాన్ని తెలుసని మీకు చెప్పలేను."

"విన్నారు గదా, ఆయమ్మకే తెలీదంట" అని ఓనరు నవ్వుతూ లేచాడు. పోతూ పోతూ శేఖర్ భుజం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, పోయాడు. మా అల్లుడు ఆ భుజాన్ని చాలాసేపు తడుముకుంటూనే ఉన్నాడు.

చెప్పిన మాట ఏదైనా తప్పయినా పదిమందిలో ఒప్పుకోవద్దని, ఒప్పుకుంటే జనం ఇంక దేన్నీ నమ్మరని ఆమె పైవాళ్ళు ముందే చెప్పి పంపారట. అంటే గేటు దగ్గర రాజమ్మ చెప్పకముందే, ఎవరి ద్వారానో చెంబుల కబురు యూనివర్సిటీకి చేరింది. ఈమె చెవిన మాత్రం ఎవరూ వేయలేదు, మాటల్లో ఏదైనా పొరపాటు దొర్లితే సర్దుకుని ముందుకు పొమ్మని అన్నారట, అంతే. ఇదంతా తరువాతెప్పుడో మా అరుగు మీద కూర్చుని ఆమే చెప్పింది. "ఉద్యోగం తీసేస్తారేమోనండీ" అంది, నేనేదో ఆపగలిగినట్టు నా వైపు చూస్తూ.

ఏ బిడ్డకు ఎంత ఉందో మైకులో చదవడానికి ఆమె ఒప్పుకోలేదు. ఇంటింటికీ వచ్చి ఆ ఇంటివాళ్ళకే చెప్తానంది. అది మంచి పద్ధతే గాని, మాకు ప్రాణం మీదికి వచ్చింది. మా సందులో ఇళ్ళకు మధ్య గోడ ఒక్కటే. ఎక్కిళ్ళు వినపడితే చెడ్డ కబురు, వినపడకపోతే ఫర్వాలేదు, అని పిల్లలతో సహా అందరూ కనిపెట్టేశారు. రాజమ్మ ఇంట్లో వినపడలేదు. రాజమ్మ బయటికి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కింట్లో వినపడ్డాయి. ఆ తరువాత మా ఇల్లే. నేను గడప లోపల నిలబడి ఆమె చెప్పుల చప్పుడు వింటున్నాను.

ఒక కాలు లోపల పెట్టింది. "రావచ్చా" అనబోయింది. ఎక్కిలి వచ్చింది.

వంటింట్లో పద్మ, మాట వినకుండానే ఏడవడం మొదలుపెట్టింది.

"ఆపి చెప్పు, లేకుంటే చెప్పి ఆపు" అన్నాను.

"పాపకు చాలా ఎక్కువ ఉందండీ" అంది.

నేను భారతి దగ్గరికి పోయాను. పక్కనే నేలమీద కూర్చున్నాను.

భారతి గోడవార చొప్పు సామాన్లు, అంటే పిల్లలాడుకునే బుల్లి పాత్రలు, పరుచుకుని వంట ఆడుతోంది. కొయ్యవి, మట్టివి, వాటి మధ్యలో బొటనవేలంత చెంబు ఒకటి. పెద్ద చెంబు పారేసిన రోజు ఆ పిల్ల అది కావాలని గోలగోల చేస్తే, శేఖర్ షెడ్డులో మిగిలిన ముద్ద కరిగించి, ఇసుకలో అచ్చు తీసి చేసుకొచ్చాడు. ఎంత ముద్దుగా చేశాడో. అంచు కూడా తిప్పాడు. భారతి దాంట్లో నీళ్ళు పోసి చారంటుంది, తాగి పెదవులు చప్పరిస్తుంది. నిద్రపోయినా గుప్పిట్లోంచి వదలదు.

"అత్తా, చారు" అని ఆ చెంబును ఆమె ముందుకు చాచింది.

ఆమె అందుకుంది. ఎక్కిళ్ళు ఆగిపోయాయి. అంతవరకూ ఆ చప్పుడుకు భయపడ్డాను, ఇప్పుడు అది ఆగిపోయినందుకు ఇంకా భయపడ్డాను.

"ఇది ఎవరు చేశారండీ?"

"వాళ్ళ నాయన."

సంచిలోంచి తెల్ల కాగితం తీసి నేలమీద పరిచింది. చెంబు అంచును దాని మీద పెట్టి గీసింది. పెన్సిలుతో గీసినట్టు నల్ల గీత పడింది. చెయ్యి ఆపకుండా అలాగే పోనిచ్చింది. ఆ గీత వంపులు తిరిగి అక్షరాలైంది.

"సీసం" అంది. "ఆ రోజు మీకు చెప్పలేకపోయానే, ఆ మాట. మీ చారు చెంబు అయితే ఇలా రాయదండీ."

నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు. అయినా ఆ కాగితం మీద ఏముందో తెలిసింది. నేను మొట్టమొదట చదివిన మాట అదే. అది రాసింది మా పిల్ల చారు తాగే చెంబు.

ఆ తరువాత ఆమెలో నేను ఎన్నడూ చూడని మనిషి ఒకరు బయటికి వచ్చారు. ఎవరినీ అడక్కుండా భారతిని చంకనెత్తుకుని పెరట్లోకి పోయింది. సబ్బు పెట్టి, గోళ్ళ సందులు కూడా వదలకుండా ఆ చేతులు కడిగింది. పిల్ల చెంబు కోసం కాళ్ళు కొట్టుకుంటూ ఏడుస్తోంది, ఆమె వదల్లేదు. బుల్లి చెంబును ఆ కాగితంలోనే చుట్టి సంచిలో వేసుకుంది. చీపురుతో ఊడ్చొద్దు, దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి అంది. రాగులు, ఆకుకూరలు పెట్టమంది. పని బట్టలు గడప దాటి రాకూడదంది. అన్నిటికంటే ముందు పిల్లను ఈ సందునుంచి పంపించేయమంది.

"పంపితే తగ్గుతాదా?"

"రక్తంలో తగ్గుతుందండీ."

"మరి ఇప్పటిదాకా లోపలికి పోయినదాని సంగతేంది? తలకాయకు ఏమన్నా అవుతాదా? చదువు వస్తాదా?"

ఆమె కళ్ళజోడు తీయలేదు. నా ముఖం చూస్తూనే వేలు ఎత్తి, కణుపు మీద గోరు పెట్టి చూపింది. ఆ వేలిని విరిచేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

సాయంకాలం శేఖర్ వచ్చాడు. ఎప్పుడూ రాగానే పిల్లను భుజానికెత్తుకునేవాడు, అది అతని చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని చీకేది. ఆ రోజు పరుగెత్తబోయిన పిల్లను నేను నడుము పట్టుకుని ఆపాను. వాకిట్లోనే నిలబెట్టి చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

"ఆ చెంబేనా అత్తా?" అన్నాడు. "నేను పోసిందే?"

"అది రాకముందే ఉందంట. ఇప్పుడు అదీ తోడైందంట."

చొక్కా విప్పి, ఉండ చుట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. మరుసటి వారం హార్బరులో మూటలు మోసే పనికి పోయాడు. పద్మ పిల్లను తీసుకుని పొన్నేరిలో మా చెల్లెలి ఇంటికి పోయింది.

కొన్నాళ్ళకు ఓనరు షెడ్డు ఎత్తేశాడు. మా సందంతా కొబ్బరికాయలు కొట్టింది. ఆమె వచ్చినప్పుడు రాజమ్మే ముందుగా చెప్పింది, "పోయిందమ్మా పీడ, తిరువొత్తియూరు అవతలికి పోయింది" అని. ఆమె సంతోషిస్తుందనుకున్నాం. భుజాలు ఎగిరిపడ్డాయి.

"అక్కడ ఇళ్ళున్నాయా అండీ?" అని అడిగింది.

ఆడ జాలర్ల గుడిసెల కుప్పం ఉందని మా అందరికీ తెలుసు. ఆమె గొడుగు తీసుకుని అప్పుడే లేచింది. గేటు దగ్గర ఎప్పటిలాగే అటూ ఇటూ చూస్తూ నిలబడి, నిలబడి, దాటింది.

భారతి తిరిగి వచ్చాక కూడా ఆమె అప్పుడప్పుడు వచ్చేది. ఎక్కిళ్ళు లేకుండా వచ్చిన రోజు రక్తంలో తగ్గిందని తెలిసేది. కానీ ఆమె వచ్చి, జ్ఞాపకం ఎలా ఉందో చూడడానికి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నిన్న ఏం తిన్నావమ్మా? మొన్న?" అని అడిగి, జవాబు కోసం ఆగుతుందే, ఆ ఆగిన సమయం నేను భరించలేకపోయేదాన్ని. పిల్ల తడుముకోగానే నేనే మధ్యలో దూరి "ఇడ్లీ తినింది" అని చెప్పేసేదాన్ని. "మీరు కాదండీ" అనేది ఆమె, బతిమాలుతున్నట్టు.

అలాంటి ఒకరోజే, "ఆ మాట మళ్ళీ రాసి చూపు, ఈసారి పెన్సిలుతో" అన్నాను.

"ఎందుకండీ?"

"మళ్ళీ నువ్వు తప్పు మాట చెప్తే, నేనే చదువుకుంటాను."

ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడొక్కసారే. పక్క పన్ను మీద పన్ను ఉంది, అంతవరకూ తెలియలేదు. ఆ తరువాత వచ్చినప్పుడల్లా కాసిన్ని అక్షరాలు నేర్పేది. యాభై దాటిన చేతికి వంపులు తిరగవు. తప్పు రాస్తే చెప్పడానికి కూడా ఆమెకు భయమే. "బాగానే ఉందండీ, కాకపోతే" అని ఆగి, గుటక వేసేది. "తప్పయితే తప్పని చెప్పు, అంతమందిలో నీ తప్పు చెప్పుకున్నావు గదా" అనేదాన్ని. "నాది చెప్పడం తేలికండీ" అనేది.

ఎప్పుడు రావడం మానేసిందో కచ్చితంగా చెప్పలేను. రిటైరై వాళ్ళ ఊరు పోయిందని ఒకరన్నారు, ఒంట్లో బాగాలేదని ఒకరన్నారు. ఉందో, పోయిందో.

భారతి ఇప్పుడు షోళింగనల్లూరులో ఆఫీసు పనికి పోతోంది. బాగా చదివింది, నలుగురిలో మాట్లాడుతుంది. అయినా ఫోనులో ఏదో చెప్తూ మధ్యలో మాట కోసం ఆగితే, బండి తాళాలు ఎక్కడ పెట్టానో అని వెతుక్కుంటే, నేను ఈ వయసులోనూ చేస్తున్న పని ఆపేస్తాను. అందరూ తాళాలు మర్చిపోతారని నాకు తెలుసు. అయినా ఎక్కిళ్ళమ్మ తెలియదన్న మిగతా వేలు కళ్ళముందు కదులుతుంది.

మొన్న సాయంకాలం నిత్య ఇచ్చిన చెంబు తీసి, తెల్ల కాగితం పరిచి, అంచు ఆనించి గీశాను. వెలుగులోకి తీసుకుపోయి చూశాను. నల్ల గీత కాదు. ఏమీ లేదనీ అనలేను. సన్నగా నీడలాంటిది ఏదో ఉంది. అది లోహమో, నా కంటి మసకో. మంచి తగరమైతే భయం లేదని, దాంట్లో సీసం కలిపి అమ్మేవాళ్ళు ఉంటారని, కలిపారో లేదో కంటితో చూసి చెప్పలేమని, పరీక్ష చేయించాలని ఎక్కిళ్ళమ్మ అప్పట్లోనే చెప్పింది. నాకు తెలిసింది అంతే.

చెంబు తీసుకుని మెట్లెక్కాను. గడపలో ఒక కాలు పెట్టాను. నిత్య పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుని, చింతపండు నానబెట్టుకుంటోంది.

"రా అవ్వా. ఏంది, విషమా, కాదా? ఒక్క మాట చెప్పేయి."

నోరు తెరిచాను. ఎక్కిలి వచ్చింది.

"ఎవరో తలుచుకుంటా ఉండారు నిన్ను" అని నవ్వుతూ నిత్య నీళ్ళ కోసం లోపలికి పోయింది. ఆ పిల్ల గ్లాసుతో తిరిగి వచ్చేదాకా నేను అక్కడే, ఒక కాలు లోపల, ఒక కాలు బయట, చూపుడు వేలు మొదటి కణుపు మీద గోరు పెట్టుకుని నిలబడి ఉన్నాను.